ఆలు లేదు, టవరు లేదు

ఎన్నికల ఏడాది 2018లో ఛత్తీస్‌గఢ్ సర్కారు సంచార్ క్రాంతి యోజన కింద స్మార్ట్‌ఫోన్లు పంచింది. అప్పటికి బస్తర్ అడవి ఊళ్లలో చాలాచోట్ల సిగ్నలే లేదు. ఉన్నచోటా పిల్లలు గుట్టెక్కాల్సి వచ్చేది. డిసెంబరులో గద్దె మారింది, పథకం అటకెక్కింది.

2020లో కరోనాకు బడులు మూసి, ‘పఢయీ తుంహర్ దుఆర్’ అన్నారు. చదువు మీ గుమ్మానికే అని! వచ్చింది పాపం, నెట్టు లేక గుమ్మంలోనే నిలబడింది. అప్పుడు తట్టింది ‘బుల్టూ కే బోల్’. సంతకొచ్చిన వాళ్ల ఫోన్లలోకి బ్లూటూత్‌తో పాఠాలు ఎక్కించడం.

ఈ విద్య బస్తర్‌కు కొత్తేం కాదు. సీజీనెట్ స్వర అనే ఫోను వేదిక 2010 నుంచే గోండుల గోడు ఫోన్లో రికార్డు చేసి వినిపిస్తూ వచ్చింది. చేతిపంపు పాడైందనీ, కూలి డబ్బులు రాలేదనీ. నెట్టు లేని ఊళ్లకు అవే మాటలు బ్లూటూత్ మీద చేరాయి, ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు.

ఒక్క ఫోను చుట్టూ పదిమంది చేరి వినే బస్తర్ కుర్రాళ్లకు ‘టీమ్ వర్క్’ నేర్పుతామని ఏసీ బండ్లలో దిగే శిక్షకులకో మనవి: సంతరోజున రండి. బ్లూటూత్ ఆన్ చేసుకుని మరీ రండి, మీకూ నాలుగు పాఠాలు పంపిస్తారు.