గదికి వరదొచ్చింది, ఇంటికి సాయమొచ్చింది

కరోనా కాలంలో కాలేజీ పిల్లలకు సర్కారు అత్యవసరంగా ఏమీ ఇవ్వలేదని కొందరు గిట్టనివాళ్లు ప్రచారం చేస్తుంటారు. శుద్ధ అబద్ధం. 2020 మార్చి 25, శార్వరి ఉగాది నాడు, హైదరాబాద్ హాస్టళ్లు మూకుమ్మడిగా సామాను సర్దుకోమన్నప్పుడు, పోలీస్ స్టేషన్ల ముందు క్యూ కట్టిన పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చారు. ఊరికి పోవడానికి అభ్యంతరం లేదని దాని సారాంశం. ఆ కాగితం జేబులో పెట్టుకుని బైకుల మీద విజయవాడ రోడ్డెక్కితే, గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రా పోలీసులకు అభ్యంతరం ఉందని తేలింది. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలి కదా! ఆ తర్వాత ఇక్కడివాళ్లు కాగితాలివ్వడం మానేసి, పిల్లల్ని బయటికి పంపితే ఊరుకోమని హాస్టళ్లను హెచ్చరించారు. అప్పటికి సగంమంది రోడ్డు మీదే ఉన్నారు.

బియ్యం కూడా ఇచ్చారు. తెల్ల రేషన్ కార్డులో పేరున్న ప్రతి మనిషికీ 12 కిలోలు, కార్డుకు 1,500 రూపాయలు. మంచి పనే, కాదనను. కాకపోతే సూర్యాపేట పిల్లాడి పేరు మీద బియ్యం సూర్యాపేటలో ఉంటే, ఆకలేస్తున్న పిల్లాడు హబ్సిగూడ హాస్టల్లో ఉన్నాడు. మే నెలలో కేంద్రం 20 లక్షల కోట్ల ఆత్మనిర్భర్ ప్యాకేజీ విప్పితే అందులో చదువుల వాటాకు టీవీ చానెళ్లు వచ్చాయి. తరగతికొకటి చొప్పున పన్నెండు. డిగ్రీ పిల్లల కోసం, దేశంలోని టాప్ వంద యూనివర్సిటీలు ఆన్‌లైన్ కోర్సులు పెట్టుకోవచ్చని అనుమతిచ్చారు. అంటే ఫీజు పుచ్చుకునే కౌంటర్లు పెరిగాయన్నమాట. విద్యారుణం ఉన్నవాళ్లు ఆగస్టు 31 దాకా కిస్తీ కట్టకపోయినా ఫర్వాలేదంది రిజర్వు బ్యాంకు. వడ్డీ మాత్రం ఒక్కరోజైనా క్వారంటైన్‌లో ఉండలేదు.

అమెరికావాళ్లకు ఇంత ఊహ లేదు. 2020 మార్చి 27న కేర్స్ చట్టం చేసి, కాలేజీలకు దాదాపు 1,400 కోట్ల డాలర్లు కేటాయించి, కాలేజీ తనకొచ్చిన దాంట్లో సగమైనా నేరుగా పిల్లల చేతిలో పెట్టాలన్నారు. తిండికి, గది అద్దెకు, ల్యాప్‌టాప్‌కు, మందులకు. డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్న కొడుకున్న మా హబ్సిగూడ వీధి పెద్దాయన ఈ వార్త చదివి పొంగిపోయాడు. ఏప్రిల్ 21న అక్కడి విద్యాశాఖ ఆ పొంగు మీద నీళ్లు చల్లింది. ఫెడరల్ సాయానికి అర్హత ఉన్నవాళ్లకే గ్రాంటు, వీసా మీద వచ్చినవాళ్లకు లేదంది. 2021 మేలో మనసు మార్చుకుని విదేశీ విద్యార్థులకూ ఇవ్వొచ్చని చెప్పింది. ఈలోగా పెద్దాయన ఘట్‌కేసర్ ప్లాటు అమ్మి డబ్బు పంపేశాడు. అలా అమెరికా ఆర్థిక వ్యవస్థకు అత్యవసర సాయం హబ్సిగూడ నుంచి వెళ్లింది.

ఇక మన హబ్సిగూడ సంగతి. ఈ రోడ్డు మామూలు రోడ్డు కాదు. సీసీఎంబీలో వైరస్ జన్యువులు చదువుతారు, ఐఐసీటీలో మందులు తయారుచేసే దారి కనిపెడతారు, ఎన్జీఆర్ఐలో భూమి కడుపులో ఏముందో చెబుతారు. భూమి మీద పడ్డ వాన ఎటు పోవాలో చెప్పే సంస్థ ఒక్కటే లేదు. 2020 అక్టోబర్ 13 రాత్రి ఆ లోటు తెలిసొచ్చింది. స్ట్రీట్ నంబర్ ఎనిమిది, రామంతాపూర్ కాలనీలు చెరువులయ్యాయి. పరీక్షలనీ కోచింగనీ అప్పుడే తిరిగొచ్చిన ముగ్గురు పిల్లలు ఒక కింది రూములో ఉన్నారు. బకెట్ బోర్లించి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టారు. బకెట్ కూడా మునుగుతుంటే ల్యాప్‌టాప్ నెత్తిన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. పరుపులు పోయాయి, పుస్తకాలు పోయాయి, ఫోన్ చార్జర్లు పోయాయి.

ప్రభుత్వం 550 కోట్లు విడుదల చేసింది. ముంపుకు గురైన ఇంటికి 10 వేలు, అదీ నగదు. దరఖాస్తు చేయించుకుని, పోర్టల్‌లో పెట్టించి, ఆదాయ ధ్రువపత్రం తెమ్మని తిప్పే సర్కారు నోట్లకట్టలతో గుమ్మంలోకి రావడం నేను చూసిన ఎనిమిదో వింత. మన ముగ్గురిలో కాస్త నోరున్నవాడు వీధిలో పంచుతున్న పెద్దమనిషిని పట్టుకున్నాడు.

"అంకుల్, మేం గూడ మునిగినం. మాకిస్తరా?"

"ఏడుంటవ్ తమ్మీ?"

"గీ సందులనే, కింది రూము."

"ఆధార్ ఏడిది?"

"సూర్యాపేట."

"సూర్యాపేటల వరదొచ్చిందా?"

"రాలే."

"మరి? ఓటేడుంది?"

"గది గూడ ఆడనే."

పెద్దమనిషి మొహంలో అప్పటిదాకా ఉన్న కాస్త జాలీ ఆరిపోయింది. పై అంతస్తులో కాలు తడవని ఓనర్‌కు పదివేలు అందాయి. ఆయన ధర్మాత్ముడు. ఆ నెల అద్దె పెంచలేదు.

నవంబర్‌లో, సాయం అందనివాళ్ల చేత మీసేవ కేంద్రాల ముందు తెల్లారకముందే క్యూలు కట్టించి, 18వ తేదీన ఎన్నికల సంఘం వద్దనగానే పంపిణీ ఆపేశారు. డిసెంబర్ 1న గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ పోలింగ్. వరదకూ పోలింగ్‌కూ మధ్య ఏడు వారాలు ఉండబట్టి సాయం కుదిరింది గానీ, అదే వరద ఏ ఏప్రిల్‌లోనో వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించుకోండి. కరోనా చేసిన తప్పూ అదే. ఎన్నికల షెడ్యూల్ చూసుకోకుండా మార్చిలో వచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం ఆ ముగ్గురి అదృష్టం పండింది. వాళ్ల టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఒక్కటీ తడవలేదు. అవి కాలేజీ బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి వచ్చేదాకా ఇవ్వమని కాలేజీ పట్టుబట్టడం వల్లే ఆ ఆస్తి దక్కింది. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాం నుంచీ వస్తున్న ఈ పథకం గొప్పదే. ఎన్నో ఇళ్లలో మొదటి ఇంజినీరు దాని పుణ్యమే. కన్వీనర్ కోటా ఇంజినీరింగ్ పిల్లల్లో చాలామందికి ఏడాదికి 35 వేలు. ఈ-పాస్‌లో దరఖాస్తు పెడితే బిల్లు ట్రెజరీకి వెళుతుంది, అక్కడ టోకెన్ పడుతుంది. డబ్బు పడదు. టోకెన్ పడిందంటే ఇచ్చినట్టేనని సర్కారు, డబ్బు పడలేదు కనుక రానట్టేనని కాలేజీ. ఇద్దరూ నిజమే చెబుతారు, కట్టేది మాత్రం పిల్లాడి నాన్న.

2020 నవంబర్ మొదట్లో షాద్‌నగర్‌లో ఒక అమ్మాయి ప్రాణం తీసుకుంది. ఢిల్లీ లేడీ శ్రీరామ్ కాలేజీలో మ్యాథ్స్ చదువుతోంది, ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కు ఎంపికైంది, ఆ డబ్బు చేతికి రాలేదు, ఆన్‌లైన్ క్లాసులకు ల్యాప్‌టాప్ లేదు. ఆ తర్వాత అందరూ సంతాపాలు తెలిపారు. వాటికి టోకెన్ అక్కర్లేదు.

2025 నవంబర్ 3న రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలే నిరవధిక బంద్‌కు దిగాయి. కొద్దిరోజుల్లోనే చర్చలు, హామీ, విరమణ. కాలేజీకి డబ్బు అత్యవసరమైతే దాన్ని బంద్ అంటారు. విద్యార్థికి అత్యవసరమైతే డిస్‌కంటిన్యూ అని రిజిస్టర్‌లో రాస్తారు.

మన లెక్కల్లో ఇల్లుంది, కార్డుంది, కాలేజీ ఉంది. విద్యార్థి వాటికి జతచేసిన జిరాక్స్ కాపీ మాత్రమే. కనుక హబ్సిగూడ, నాచారం, ఉప్పల్ గదుల్లో ఉంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా విన్నపం ఒక్కటే. ఓటరు జాబితాలో చిరునామా మార్చుకోవడానికి ఫారం 8 ఉంది. ఫోన్లోనే నింపొచ్చు, రుసుము లేదు. ఈ-పాస్ కంటే ముందు అది నింపండి.