ఏ సిస్టరండీ మీ సిస్టరు?

2021 జూన్ 5న ఢిల్లీలోని జి.బి. పంత్ ఆసుపత్రి ఘనమైన రోగనిర్ణయం ఒకటి చేసింది. రోగులు దిక్కుతోచకుండా పడి ఉండటానికి కారణం నర్సులు మాట్లాడే మలయాళమట! నర్సులు డ్యూటీలో హిందీ, ఇంగ్లీషే మాట్లాడాలి, లేదంటే కఠిన చర్యలని సర్క్యులర్ వచ్చింది. దేశమంతా దుమ్మెత్తిపోసేసరికి మర్నాడే రద్దు చేశారు. అది తమకు తెలియకుండానే జారీ అయిందని యాజమాన్యం సెలవిచ్చింది.

అర్థంకాని మాట మంచం మీదున్నవాణ్ణి భయపెట్టే మాట నిజమే. మరి శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దాయనకు హిందీ మాత్రం అర్థమై ఏడ్చిందా?

అయినా, భాష కుదిరితే మాత్రం మాట్లాడే తీరికేదీ? చాలా పెద్దాసుపత్రుల్లో వార్డును పనులుగా కోసి పంచుతారు. ఒకామె అందరికీ ఇంజెక్షన్లు, ఒకామె అందరికీ బీపీ, మరొకామె అందరికీ మాత్రలు. రోగి చెయ్యి ఒకరి వాటా, నోరు మరొకరి వాటా. మనిషి మాత్రం ఎవరి డ్యూటీలోనూ లేడు. "రాత్రంతా నిద్రలేదు సిస్టర్, భయంగా ఉంది" అంటే రాసుకోవడానికి చార్టులో గడి లేదు. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఆ చార్టు గీసినవాళ్లది.

రోగి చేరినప్పటి నుంచి ఇంటికెళ్లేదాకా అతని బాధ్యత ఒకే నర్సుదన్న పద్ధతిని 1969లోనే అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో మేరీ మాంథే బృందం మొదలుపెట్టింది. మనదాకా పద్ధతి పెద్దగా రాలేదు గానీ నినాదం వచ్చేసింది. గురుగ్రామ్, నోయిడా అద్దాల ఆసుపత్రుల్లో ప్రతి రోగీ ప్రత్యేకమే! కాదని ఎవరన్నారు, ఏ ఇద్దరి బిల్లూ ఒక్కలా ఉండదు కదా.

బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతాచోట్ల అయిదుగురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పింది. ఈ షిఫ్టులో ఎంతమందికి ఒకరున్నారో లాబీలో బోర్డు పెట్టిన ఆసుపత్రి ఉంటే చెప్పండి, పూలదండతో వస్తాను. ఇక జీతాలంటారా, 200 పైన పడకలున్న ప్రైవేటు ఆసుపత్రులు సర్కారీ నర్సుతో సమానంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు పుణ్యమా అని 2016లో నిపుణుల కమిటీ సిఫార్సు చేసింది. 2018లో ఢిల్లీ ప్రభుత్వం దాన్ని అమలు చేయమంటే ఆసుపత్రుల సంఘం కోర్టుకెక్కింది. చాలని జీతానికి విసిగి నర్సులు మానేస్తుంటే, రోగికి రోజుకో కొత్త ముఖం.

డిశ్చార్జి నాడు ఫారం ఒకటి చేతికిస్తారు. మీ నర్సు సేవకు అయిదులో ఎన్ని మార్కులు? ఏ నర్సుకని అడిగితే కౌంటరు అబ్బాయి తలెత్తడు.

"అయిదు వేసేయండంకుల్, గేట్ పాస్ త్వరగా వస్తుంది."