మొదటి నాలుగు పొరలూ పాడు చేయండి

ఫ్యూయల్ సెల్ పొర పోయడం నేర్చుకోవాలని వచ్చే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట తలకిందులుగా వినిపిస్తుంది. బాగా పోయాలని చూడకండి. మొదటి నాలుగూ చేజేతులా చెడగొట్టండి. ఆ పొరకు వాడే నాఫియాన్ అనే పాలిమర్ ద్రావణం చవక కాదని తెలిసే చెబుతున్నాను. అందుకే ఒక్కోటి చిన్న గాజు పళ్లెంలో, అరచేతిలో సగమంత పోస్తే చాలు.

మొదటిది ఆత్రేయపురం పూతరేకు తీసినంత తొందరగా కావాలనుకుని పోయండి. మా కోరుకొండలో రేకు రుచి తెలియని ఇల్లు లేదు. బోర్లించిన వేడి కుండ మీద జయ బియ్యపు పాలలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగితే రేకు లేచి వస్తుంది. ఆ ధీమాతోనే నీళ్లూ ఆల్కహాలూ కలిసిన నాఫియాన్ ద్రావణాన్ని అలాగే పోసి, గది వేడిలో ఆరబెట్టండి. వేసవిలో ఎండిన చెరువులా నెర్రెలు తీస్తుంది. ఒక ముక్కను ఆల్కహాల్‌లో వేస్తే మళ్లీ కరిగిపోతుంది కూడా. నాఫియాన్ గొలుసుకు వెన్నెముక టెఫ్లాన్ లాంటిది, కొమ్మల చివర సల్ఫోనిక్ ఆమ్లం. ఆల్కహాల్ నీళ్లు కొమ్మలకు నచ్చుతాయి, వెన్నెముకకు గిట్టవు. దాంతో గొలుసులు విప్పారక కట్టలు కట్టలుగా ముడుచుకుంటాయి. తడి పోయేసరికి ఆ కట్టలు పక్కపక్కన నిలబడతాయే తప్ప ఒకదానిలో ఒకటి అల్లుకోవు. 1980లలో మూర్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు దీనికి విరుగుడు చూపించారు. డిఎంఎస్ఓ లాంటి ఎక్కువ వేడికి గానీ మరగని ద్రావకం కలిపి, పొర ఆరేటప్పుడు బాగా వేడి చేస్తే గొలుసులు కదిలి, అల్లుకుని, గట్టి పొర వస్తుంది. ఈ సంగతి నేను పాఠంగా ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ ఎక్కలేదు. నెర్రె చూశాకే ఎక్కింది.

రెండోది డిఎంఎస్ఓతోనే పోసి, మొదటి నిమిషం నుంచే పెద్ద వేడి పెట్టండి. పైన పక్కు కట్టి లోపల తడి చిక్కుకుంటుంది, బుడగలొస్తాయి. మామిడి తాండ్ర చాప మీద ఒక పూత ఆరకముందే రెండోది పోస్తే ఏమవుతుందో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

మూడోదానికి నాఫియాన్ వద్దు. సల్ఫోనేట్ చేసిన పీక్ అనే ప్లాస్టిక్‌ను డైమిథైల్‌ఫార్మమైడ్‌లో కరిగించి, వేడి కాస్త మితిమీరనివ్వండి. ఆ ద్రావకం కొంత విరిగి డైమిథైలమీన్ పుడుతుంది. అది క్షారం, పోయి ఆమ్లపు కొమ్మల మీద కూర్చుంటుంది. పొర గుండా ప్రోటాన్ నడవాల్సిన మెట్ల మీద వేరెవరో బైఠాయించినట్టు. పొర చూడ్డానికి మాత్రం నున్నగా, తేటగా, ఎంతో బాగుంటుంది. అందుకే నాలుగింటిలో ఇదే ప్రమాదకరమైనదని నా గట్టి అభిప్రాయం. దాన్ని రెండుగా కోసి ఒక సగాన్ని పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కడిగి, రెండింటి వాహకత కొలవండి.

నాలుగోది, సల్ఫోనేషన్ తక్కువున్న పీక్‌ను డిఎంఎస్ఓలో కరిగించి, ముసురు పట్టిన రోజున కిటికీలు తీసి పెట్టి పోయండి. డిఎంఎస్ఓ గాలిలో తేమను లాగేస్తుంది. సల్ఫోనేషన్ తక్కువున్న పాలిమర్‌కు నీళ్లు ద్రావకం కావు కాబట్టి పొర తెల్లబారుతుంది. కోరుకొండ స్వామివారి కొండ కింద పెరిగినవాణ్ణి, గోదావరి ముసురు సంగతి నాకు తెలుసు.

పాడు చేయమన్నది పొరనే, ఒంటిని కాదు. డైమిథైల్‌ఫార్మమైడ్ చర్మం గుండా లోపలికి పోయి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. చేతి తొడుగులు, పొగగూడు లేనిదే సీసా మూత తీయొద్దు.

ఇదంతా దూరదేశపు విద్య కాదు. గోదావరి దాటితే కొవ్వూరులో ఆంధ్రా షుగర్స్ వారి కాస్టిక్ సోడా కర్మాగారం ఉంది. ఆ పరిశ్రమలో సోడియంను దాటనిచ్చి క్లోరైడ్‌ను ఆపేది నాఫియాన్ కుటుంబపు పొరే.

చెడిన నాలుగింటినీ పారేయకండి. ద్రావకం, వేడి, ఆ రోజు వాన పడిందా లేదా అన్నీ కవర్ల మీద రాసి దాచండి. ఐదోది పోసేనాడు వాటిని బల్ల మీద పరుచుకోండి. మట్టంగా ఉన్న గాజు మీద నాఫియాన్‌లో డిఎంఎస్ఓ కలిపి పోసి, 80 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరనివ్వండి. తర్వాత మెల్లగా 120 దాటించండి. చల్లారాక గాజును నీళ్లలో ముంచండి. గోటితో పీకొద్దు, అంచు తనంతట తానే లేస్తుంది.