రెండు వైపులా 25 కలుపగా

ఒకప్పుడు హైదరాబాద్ నగరం చుట్టూ గోడ, ఆ గోడకు 13 దర్వాజాలు. ఇప్పుడు మిగిలినవి రెండే: పురానాపూల్ దగ్గర ఒకటి, దబీర్‌పురాలో ఒకటి. గోడ పోయింది, దర్వాజా నిలబడింది. ఆటోలూ బైకులూ దాని కింద నుంచి దూసుకుపోతుంటాయి. అది దేనికి కట్టారని అడిగే తీరిక ఎవరికుంది? మన పదో తరగతి లెక్కల నోటుబుక్కూ అంతే. స్టెప్పులు నిలబడ్డాయి, కారణం కూలిపోయింది.

ఆ దర్వాజాల చుట్టుపక్కల సందుల్లో సాయంత్రం పూట ఏ ట్యూషన్‌కైనా వెళ్లి చూడండి. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 10 ఎక్స్ ఈక్వల్స్ 39. పిల్లాడు ‘రెండు వైపులా 25 కలుపగా’ అని చకచకా రాసేస్తాడు. ఆ 25 ఎక్కణ్నుంచి ఊడిపడింది నాయనా అంటే, తలెత్తకుండానే ‘సర్ లిఖో బోలే’ అంటాడు. సర్‌ను అడిగితే గైడు చూపిస్తారు. ఇప్పుడు గైడు కూడా దండగే. ఫోన్ కెమెరా లెక్క మీద పెడితే స్టెప్పులన్నీ వరసగా దిగుతాయి. పిల్లాడికి మిగిలేది దస్తూరీ పని.

ఇదే లెక్కను సుమారు 820లో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ అనే గణితవేత్త ఎక్స్ అనే అక్షరమే లేకుండా, ఉత్త మాటల్లో విప్పాడు. ఒక చతురస్రం గీశాడు. దాని పక్కపక్క భుజాలు రెండింటికీ 5 వెడల్పున దీర్ఘచతురస్రాలు అతికించాడు. మన 10 ఎక్స్ అవే. మొత్తం వైశాల్యం 39. ఒక మూల ఖాళీ మిగిలింది, 5 పొడవు 5 వెడల్పు. దాన్ని పూడిస్తే 64, భుజం 8. అందులో 5 తీసేస్తే 3. పిల్లాడు గుడ్డిగా కలిపిన 25 ఆ మూలదే!

ఆ మహానుభావుణ్ని తెచ్చి మన పబ్లిక్ పరీక్షకు కూర్చోబెట్టండి. ఎక్స్ రాయలేదు, సూత్రం రాయలేదు. పైగా మైనస్ 13 అనే రెండో మూలాన్ని వదిలేశాడు (భుజం పొడవు మైనస్‌లో ఉండదని ఆయన చాదస్తం). సగం మార్కులొస్తే గొప్ప. అదే ‘దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి’ అని రాసి, స్కేలుతో కింద గీతలు కొట్టి, మధ్యలో ఏం నింపినా చివర ‘నిరూపించబడినది’ అని ముద్ర వేసినవాడికి స్టెప్ మార్కులు ఖాయమట. త్రిభుజం ఏబీసీని పీక్యూఆర్ అని మార్చి చూడండి, క్లాస్ ఫస్టు వాడే ‘అవుటాఫ్ సిలబస్’ అని గోల పెడతాడు.

స్టెప్ మార్కులు పెట్టిన ఉద్దేశం మంచిదే. చివరి తీసివేతలో తప్పినా ఆలోచనకు విలువ దక్కాలని. మనం ఆలోచనను తీసేసి మార్కులు దక్కించుకున్నాం.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ నెల ట్యూషన్ ఫీజు కట్టేముందు పిల్లాడి చేత ఆ చతురస్రం గీయించండి. ఖాళీ మూల ఎక్కడుందో చూపించలేకపోతే, ఆ డబ్బుతో గ్రాఫ్ పేపర్లు కొనివ్వండి.