ఆరు తేడాలు కనుక్కోండి

గిటారు వాయించడం రానివాళ్లకు గిటార్లను పోల్చే అర్హత ఉందా అని కొందరికి సందేహం. మా ఇంట్లో ఈ సందేహం మరీ ఎక్కువ. దానికి నా సమాధానం లియో ఫెండర్. 1954లో స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటారును లోకం మీదికి వదిలిన ఈ పెద్దమనిషికి గిటారు వాయించడం రాదు. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియోలు బాగుచేసే కొట్టు నడిపేవాడు. తాను చేసినదాన్ని వాయించడం వచ్చినవాళ్ల చేతికిచ్చి, వాళ్లు దాన్ని ఎలా తిడతారో శ్రద్ధగా విని, మళ్లీ పనిముట్లు పట్టుకునేవాడు. వాయించడం రాకుండా గిటారు చెయ్యగా లేనిది, వాయించడం రాకుండా బేరమాడితే తప్పేమిటి? నిజానికి పోల్చడం అనే విద్య మాబోటివాళ్లకే చెల్లు. వాయించేవాడికి అంత తీరికెక్కడిది?

నేను పోల్చదలచుకున్నవి మూడు. మూడూ స్క్వయర్ పేరుతో వచ్చే స్ట్రాటోకాస్టర్లే. సోనిక్, అఫినిటీ, క్లాసిక్ వైబ్. స్క్వయర్ అంటే ఫెండర్ వాళ్ల చవక రకం. పూర్వం అది తీగలమ్మే వేరే కంపెనీ. 1965లో ఫెండర్ కొనేసింది. 1970ల్లో జపాన్ వాళ్లు ఫెండర్ గిటార్లకు నకళ్లు తీసి, అసలు కంటే శ్రద్ధగా చేసి, అసలు కంటే తక్కువకి అమ్మడం మొదలెట్టారు. దాంతో ఫెండర్ వాళ్లు తమ నకళ్లు తామే వేసుకుంటే పోలా అని జపాన్‌లోనే ఏర్పాటు చేసుకుని, 1982లో వాటికి ఈ పాత పేరు తగిలించారు. అంటే నేను అసలుకీ నకలుకీ తేడా వెతకడం లేదు. నకలుకీ నకలుకీ నకలుకీ మధ్య వెతుకుతున్నాను. ఈ కష్టం గమనించమని మనవి.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, పూర్వం పిల్లల పత్రికల్లో జంట బొమ్మలు వేసి ‘ఆరు తేడాలు కనుక్కోండి’ అనేవారే, అలా ఉంటుంది. అవే రెండు కొమ్ములు, అదే సన్నని నడుము, అవే మూడు పికప్‌లు, అవే మూడు నాబ్‌లు, ఒక స్విచ్. ఆ పత్రికలో జవాబు చివరి పేజీలో తలకిందులుగా ఉండేది. ఇక్కడ ప్రతి తేడాకీ కొన్ని వేలు కట్టాలి.

“ఏమండీ, ఈ మూడూ ఒకటే కదా?” అంది మా ఆవిడ.

“కాదు. దీంట్లో పికప్‌లు సెరామిక్. దాంట్లో ఆల్నికో.”

“అంటే?”

అంటే ఏమిటో చెప్పాలంటే పదో తరగతికి వెళ్లాలి. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగను సుమారు 8,000 చుట్లు చుడితే పికప్. ఉక్కు తీగ దాని మీద ఊగితే చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే, మనం మార్కుల కోసం బట్టీపట్టిన సూత్రమే. ఆ అయస్కాంతం అల్యూమినియం, నికెల్, కోబాల్టు ఇనుముతో కలిపి చేసినదైతే ఆల్నికో. కాకపోతే సెరామిక్. క్లాసిక్ వైబ్‌లో ఆల్నికో, తక్కిన రెండింట్లో సెరామిక్. వినేవాళ్లు మొదటిదాన్ని వెచ్చగా ఉందంటారు, రెండోదాన్ని కరుగ్గా ఉందంటారు. గాజులా ఉందనేవారు, వెన్నలా ఉందనేవారు కూడా ఉన్నారు. నాకు వినికిడి బాగానే ఉంది గానీ ఈ వెచ్చదనం చెవిలో ఏ భాగానికి తగులుతుందో తెలియలేదు.

నాకు స్పష్టంగా వినిపించింది ఒక్కటే, హమ్ము. ఒంటి చుట్ట పికప్‌లు తీగలతో పాటు గోడలోని కరెంటునీ వింటాయి. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, అమెరికాలో 60 సార్లు. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య కొడుక్కి ఫోన్ చేసి, ఇద్దరం చెరో గిటారునీ ఊరికే ఆన్‌చేసి పెడితే, నాది షడ్జమం పడుతుంది, వాడిది సరిగ్గా సాధారణ గాంధారం పడుతుంది. 50కీ 60కీ నిష్పత్తి అదే మరి. బాబాయ్-అబ్బాయిల జుగల్బందీ ఏ సాధనా లేకుండా శ్రుతి శుద్ధంగా సాగుతుంది. ఈ హమ్మును చంపడానికే గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ అనే ఇంజినీరు 1955లో రెండు చుట్టల్ని ఎదురెదురుగా కలిపి హంబకర్ చేశాడు. అది పెట్టిన మోడళ్లూ ఉన్నాయి. వాటిని కూడా లెక్కలోకి తెస్తే పోల్చాల్సినవి రెట్టింపవుతాయని, హమ్మునే భరిద్దామనుకున్నాను.

ఇక చెక్క. ఎలక్ట్రిక్ గిటారులో పికప్ వినేది ఉక్కుతీగను గానీ చెక్కను కాదని ఒక వర్గం. చెక్కే ప్రాణమని ఇంకో వర్గం. ఈ రెండు వర్గాలూ ఒక పెళ్లిలో ఎదురుపడితే విందు చల్లారిపోతుంది. క్లాసిక్ వైబ్‌లో 50ల పోకడది పైన్ చెక్కతో వస్తుంది. పైన్ అంటే సామాన్లు ప్యాక్ చేసే పెట్టెల చెక్క కదా, దానికి ఎక్కువ ధరేమిటని అడగబోయాను. లియో ఫెండర్ 1949లో చేసి చూసిన గిటారు నమూనా కూడా పైనే అని తెలిసి నోరుమూసుకున్నాను. చరిత్ర ఉన్న పెట్టె చెక్క అన్నమాట.

నన్ను నిలబెట్టేసింది మాత్రం వేళ్లు ఆనే పలక. పూర్వం దానికి రోజ్‌వుడ్ వాడేవారు, మన అడవుల్లో ఇరుగుడు అంటారే, ఆ జాతి. 2017లో ఆ జాతి కలప అంతటి మీదా అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతి పత్రాలు తప్పనిసరి చేశారు. 2019లో వాద్యాలను మినహాయించారు గానీ, ఈలోగా కంపెనీలు వేరే చెట్లు వెతుక్కున్నాయి. స్క్వయర్ వాళ్లకు దొరికింది ఇండియన్ లారెల్. పేరు వినగానే ఏ కొండల మీద పొగమంచులో పెరిగే నాజూకు చెట్టో అనుకున్నాను. తీరా చూస్తే నల్లమద్ది! మొసలి వీపులా పగిలిన బెరడుతో నల్లమల నిండా ఉండే నల్లమద్ది. మనవాళ్లు దూలాలకు వేసిన నల్లమద్ది. దసలి పట్టుపురుగులు ఆకులు తిని బతికే నల్లమద్ది. ముదురు రంగు పలక కావాలంటే మూడు మోడళ్లలోనూ అదే. కాలిఫోర్నియా వాడి బొమ్మకి, ఇండోనేషియాలో బిగించిన మెడకి, పైన పరిచింది నల్లమద్ది! ఆడలేక మద్దెల ఓడనే సామెత ఇన్నాళ్లూ ఉంది. వాయించలేక మద్ది ఓడనే అవకాశం ఇప్పుడు నాకూ దక్కింది.

ఇంత పరిశోధన చేశాక డాలస్ వాడిని సలహా అడిగాను. ఎవరినీ సలహా అడగకూడదు. “ఇంకో ఐదారువేలు వేస్తే అఫినిటీ వచ్చేస్తుంది కదా బాబాయ్, సోనిక్ ఎందుకు?” అన్నాడు. నిజమే. అఫినిటీ అయితే ఇంకొంచెం వేస్తే క్లాసిక్ వైబ్. అక్కడిదాకా వచ్చినవాడికి మెక్సికోలోని ఎన్సెనాడాలో చేసిన అసలు ఫెండర్ ఎంత దూరం? ఎన్సెనాడా నుంచి సరిహద్దు దాటితే కరోనా ఊరు, అమెరికా కర్మాగారం. కంగారుపడకండి, ఆ ఊరి పేరు మన జబ్బు కంటే చాలా పాతది. ఇలా ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ వెళితే చివరకు 2019లో న్యూయార్కులో వేలానికొచ్చిన గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాటోకాస్టర్ తగులుతుంది. 39 లక్షల 75 వేల డాలర్లు పలికింది. ఆకారం మాత్రం సోనిక్‌దే.

ఈ పోల్చే తలనొప్పికి సరైన మందు కనిపెట్టినవాడు గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్. 1970లో నాష్‌విల్‌లో ఒక దుకాణంలో పాత స్ట్రాటోకాస్టర్లు చవగ్గా కనిపిస్తే, ఏది మంచిదని బుర్ర పాడుచేసుకోకుండా ఆరు కొనేశాడు. మూడు తోటి సంగీతకారులు జార్జ్ హారిసన్, పీట్ టౌన్‌షెండ్, స్టీవ్ విన్‌వుడ్‌లకు తలా ఒకటి ఇచ్చేశాడు. మిగిలిన మూడింటినీ విప్పి, ఒకదాని మెడ, ఒకదాని ఒళ్లు, ఒకదాని లోపలి సరంజామా ఏరి, ఒక్కటి చేసుకున్నాడు. దాని పేరే బ్లాకీ. 2004 వేలంలో 9,59,500 డాలర్లు వచ్చాయి. ఈ ఉదంతం మా ఆవిడకు చెప్పి, ఆ లెక్కన మూడూ కొంటే... అనబోయాను. “క్లాప్టన్ గారిని ఇల్లాలు ఏమన్నదో అది కూడా చదివి రండి” అంది.

సరే, సికింద్రాబాద్ వెళ్లాం. కొట్టు కుర్రాడు నన్ను ఆపాదమస్తకం చూసి, “అబ్బాయికా అంకుల్?” అన్నాడు. ఔనన్నాను. ఎవరో ఒక అబ్బాయికి. మూడింటినీ వరసగా వాయించి చూపించమన్నాను. వాడు వాయిస్తుంటే మూడూ అద్భుతంగా ఉన్నాయి. వాడి చేతికి బహుశా మా పెరటి తలుపు గొళ్లెం ఇచ్చినా అద్భుతంగానే ఉంటుంది. గిటారు పోల్చడానికి మంచి వాయిద్యగాడిని మించిన అడ్డంకి లేదు.

తర్వాత నేను పట్టుకుని చూశాను. వాయించడానికి కాదు, పట్టుకోవడానికి. ఇక్కడొక వింత జరిగింది. ఎక్కువ ధరదే వేళ్లకు మొరటుగా తగిలింది. తీగలు పలకకి ఆమడ దూరంలో ఉన్నాయి. నొక్కితే కూరగాయలు తరిగినట్టుంది. అది గిటారు తప్పు కాదు, గోడకు వేలాడదీసే ముందు ఎవరూ దాన్ని సెటప్ చెయ్యలేదు, అంతే. పదిహేడో మెట్టు దగ్గర తీగకీ మెట్టుకీ మధ్య 1.6 మిల్లీమీటర్లు ఉండాలని ఫెండర్ వాళ్ల లెక్క. కుర్రాడు చిన్న అలెన్ కీ తెచ్చి మెడలోని ఇనపకడ్డీని కాస్త తిప్పి, కింద తీగలు ఆనే మరల్ని దించి ఇచ్చాడు. అదే గిటారు, పిల్లిలా ఒళ్లో కూర్చుంది. వేలకు వేల తేడాను జేబులో పట్టే అలెన్ కీ అటూ ఇటూ చేసేసింది. ఇంతసేపూ నేను చదివిన చెక్కలూ అయస్కాంతాల మధ్య ఈ ముక్క ఎక్కడా ఇంత పెద్ద అక్షరాల్లో లేదు.

మేం ఉండగానే ఒక బక్కపల్చని కుర్రాడు వచ్చాడు. గోడ మీంచి ఒక సోనిక్ దించుకుని, ఆంప్లిఫయర్‌కి తగిలించకుండానే రెండు నిమిషాలు గీకి, మెడ మీద బొటనవేలు పైకీ కిందికీ జరిపి, “ఇది ఇచ్చేయండన్నా” అన్నాడు. ఆల్నికోనా, సెరామిక్కా అని అడగలేదు. చెక్క ఏమిటని అడగలేదు. ఎందుకది ఎంచుకున్నావు నాయనా అంటే, “మెడ బాగుందంకుల్” అన్నాడు. అంతే. వాడితో పోల్చి చూసుకుంటే నా దగ్గర ఉన్న జ్ఞానం వాడి దగ్గర పైసా ఎత్తు లేదు. పాపం, వెళ్లిపోయి వాయించుకుంటాడు.

ఆ కుర్రాణ్ణి చూస్తే పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గుర్తొచ్చాడు. కర్ణాటక సంగీతానికి పనికిరాదనుకున్న విదేశీ వాద్యాన్ని తీసుకుని, జంట తీగల బదులు ఒంటి తీగలు ఐదు పెట్టి, గమకం ఎందుకు పలకదో చూస్తానన్నట్టు పలికించాడు. చూడ్డానికి చిన్నపిల్లల ఎలక్ట్రిక్ గిటారులా ఉండేది ఆ వాద్యం. దాన్ని పట్టుకుని గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్ పక్కన కూర్చుని వాయించాడు. ఆ ఒంటి మీద చెక్క ఏమిటని ఏ సభలోనూ ఎవరూ లేచి అడిగి ఉండరు. నేను వెళ్లుంటే అడిగేవాణ్ణేమో.

ఇంతకీ తేల్చింది మా ఆవిడే. “ఈ నీలం రంగు బాగుంది” అంది. అది అఫినిటీ. లేక్ ప్లాసిడ్ బ్లూ. నవ్వకండి. ఫెండర్ కంపెనీ రంగులు ఎక్కువ భాగం అమెరికా కార్ల రంగులే. డ్యూపాంట్ వాళ్లు కార్ల కోసం చేసిన పెయింటు డబ్బాలనే 50ల్లో, 60ల్లో గిటార్లకూ వాడారు. దూరం నుంచి, కళ్లద్దాలు లేకుండా, ఎవరి సాయం లేకుండా కనిపించే తేడా రంగొక్కటే. నేను వెచ్చదనం కోసం చెవులు రిక్కిస్తుంటే ఆవిడ ఆ ఒక్క చూపుతో పని ముగించింది. అఫినిటీ కొన్నాం. తీగలు దింపించి తెచ్చుకున్నాం.

మీలో ఎవరైనా కొనబోతుంటే నావి మూడే మాటలు. చెక్క గురించి చదవండి, చాలా సరదాగా ఉంటుంది, కానీ దాన్ని బట్టి కొనకండి. సెటప్ చేశాకే డబ్బిస్తానని కొట్టువాడికి చెప్పండి. ‘ఇంకో ఐదువేలు వేస్తే’ అని ఎవరైనా అంటే ఆ ఐదువేలూ పెట్టి ఆంప్ కొనుక్కోండి, ఎందుకంటే అది డబ్బాలో రాదు. హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్నది చూసి మరీ కొనండి. మన అపార్ట్‌మెంట్ల గోడలు నాలుగున్నర అంగుళాలే.