పేరుకే ఎక్స్‌ప్రెస్‌ని

నా ఒంటి మీద ‘తల్లీ బిడ్డ ఎక్స్‌ప్రెస్’ అని పెద్దక్షరాల్లో రాశారు. తల్లి నిజమే, బిడ్డా నిజమే. ఎక్స్‌ప్రెస్ అన్నదే అబద్ధం. పచ్చి బాలింతను ఎక్కించుకున్నాక ముల్లు నలభై దాటిందా, వెనక సీట్లోంచి మా డ్రైవరుకు అక్షింతలు మొదలవుతాయి.

నేను ఈకో వ్యానుని. 2022 ఏప్రిల్ 1న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర 500 మందిమి వరసగా నిలబడ్డాం. ముఖ్యమంత్రి జెండా ఊపాక తలోదిక్కూ కదిలాం. నా వంతుకు పల్నాడు వచ్చింది. అప్పటికింకా అది గుంటూరు జిల్లాయే. నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది ఏప్రిల్ 4న. అంటే నా జిల్లా నాకంటే మూడు రోజులు చిన్నది.

108 నాకు పెద్దన్న లాంటిది. 2005 ఆగస్టు 15న రోడ్డెక్కింది. దాని కూత వింటే మిరప బస్తాల ట్రాక్టరు కూడా పక్కకు ఒదుగుతుంది. నేను 102ని. నన్ను చూసి ఎవరూ తప్పుకోరు, తప్పుకోవాల్సిన పనీ లేదు. నేను ఎక్కించుకునేది గండం గడిచినవాళ్లని. గండం గడిచాక వాళ్ల సంగతి ఎవరికీ పట్టదు కదా, నా కథంతా అక్కడే ఉంది. ఒకప్పుడు కుట్ల నొప్పితోనే షేర్ ఆటోలో ఓ మూల ఒదిగి, ఒళ్లో పసిగుడ్డుతో గుంతల్లో ఎగిరెగిరి పడుతూ ఇల్లు చేరేవాళ్లు. సర్కారు ఆసుపత్రిలో కాన్పయిన తల్లిని పైసా అడక్కుండా ఇంటి దగ్గర దించాలన్న మాట 2011 జూన్ 1న జననీ శిశు సురక్షా కార్యక్రమంతో వచ్చింది. నాకు ముందు తిరిగిన ఇరుకు వ్యాన్లలో ఇద్దరు ముగ్గుర్ని కలిపి ఎక్కించేవాళ్లట. నాలో మాత్రం ఒక తల్లి, ఒక బిడ్డ, వాళ్ల తాలూకు మనుషులు, ఫ్లాస్కు, బకెట్టు, చాప.

అయిదొందలంటే చాలా అనిపిస్తుంది. అప్పటి 26 జిల్లాలకు సమానంగా పంచి చూడండి, జిల్లాకు పంతొమ్మిది. పల్నాడులో మండలాలే 28. ఇలాంటి పనికి బళ్లు ఎన్ని కావాలో కాన్పుల సంఖ్య చూసి తేల్చేవాళ్లు ఒక్కపూట నాతో తిరిగితే తెలుస్తుంది. లెక్క పెట్టాల్సింది దూరాల్ని. పోయేటప్పుడే మనుషులుంటారు, వచ్చేటప్పుడు వట్టి బండి. వెల్దుర్తి అవతల తండాకు ఒక్క మనిషిని దించి వచ్చేసరికి పూట గడిచిపోతుంది. ఇక పంచాంగం సంగతి. మంగళవారం బాలింతను ఇల్లు చేర్చరు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. డాక్టరు మంగళవారం చీటీ రాసిచ్చినా కదిలేది బుధవారం పొద్దున్నే, అదీ అందరూ ఒకేసారి. ముందురోజంతా చెట్టు నీడన నిద్రపోయిన నాకు బుధవారం నాలుగు వార్డుల నుంచి పిలుపులు. ఆలస్యమైతే తిట్లు నాకే గానీ పంచాంగానికి కాదు.

కిందటి మేలో ఓ బుధవారం గురజాల నుంచి రెంటచింతల వైపు బయల్దేరాం. రెంటచింతల ఎండల పేరు రేడియోలో వినని తెలుగువాళ్లు ఉండరు. నా ఇంజను డ్రైవరు సీటు కిందే ఉంటుంది, కాబట్టి మావాడికి పైన పొయ్యి, కింద పొయ్యి. బాలింత తలకు గుడ్డ చుట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. పిల్ల తలాపున చిన్న చాకు.

మావాడు ఏసీ నొక్కాడో లేదో, వెనక నుంచి మామ్మ.

“అబ్బాయ్, ఆ చల్లగాలి ఆపు. పచ్చి ఒళ్లు, వాతం జేసిద్ది.”

“బయట నిప్పులు చెరుగుతుంది మామ్మా. పిల్ల ఉడికిపోతది.”

“మేం కనలా? మాకున్నయ్యా ఏసీలు?”

బాలింత నోరు మెదపలేదు. అద్దంలోంచి మావాడి వంక మాత్రం ఒక్క చూపు చూసింది. వాడు చప్పుడు చెయ్యకుండా గాలి రెక్కలన్నీ తన మొహం వైపు తిప్పుకుని, ఫ్యాను ఒకటో నంబరుకు తగ్గించాడు. “ఆపేశా మామ్మా” అన్నాడు. కాసేపటికి లోపల వేడి తగ్గింది. మామ్మ కునుకు తీసింది. పల్లెదారి మొదట్లో గుంత ఉంది. అక్కడ మొదటి గేరుకు దించి, ముందు చక్రాన్ని మెల్లగా దింపి, వెనక చక్రాన్ని ఇంకా మెల్లగా దింపాడు. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు అదే గుంతలో నన్ను దభాలున పడేస్తాడు. నాకూ నడుముంటుందని వాడికి గుర్తుండదు.

పక్కకు జరిగే నా తలుపు ఇంటి ముందు తెరుచుకుంది. గడప దగ్గర హారతి పళ్లెంతో ఒకావిడ సిద్ధంగా ఉంది. తల్లికీ బిడ్డకూ దిష్టి తీసి, ఎర్రనీళ్లు పారబొయ్యడానికి రోడ్డు మీదికి వచ్చింది. మామ్మ ఆమెను ఆపి పళ్లెం తీసుకుంది.

“ఆ ఏసీ నువ్వు ఆపలేదని నాకు తెలుసులే అబ్బాయ్” అంటూ ఆ నీళ్లు నా ముందు చక్రం మీద పోసింది.

మావాడు నవ్వుతూ ఏదో చెప్పబోయాడు. ఈలోగా ఫోను మోగింది. మాచర్లలో ఇంకో తల్లి, రాహుకాలం రాకముందే బయల్దేరాలట.