గట్టు మీద సైకిలు

మెల్క్ ఊళ్లో సైకిళ్లు అద్దెకిచ్చే కుర్రాడు నా నెరిసిన తల చూడగానే బ్యాటరీ సైకిలు తెచ్చి నా ముందు నిలబెట్టాడు. వద్దన్నాను. మామూలుది ఇమ్మన్నాను. "36 కిలోమీటర్లు నాన్నా, మీ మోకాళ్లు..." అని మా అబ్బాయి నసిగాడు. వాడూ కోడలూ బ్యాటరీవే తీసుకున్నారు. మనవడూ అదే. పదిహేడేళ్ల పిల్లాడు సైకిలు తొక్కడానికి బ్యాటరీ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మోకాళ్లు అరిగినవాళ్లకు అది వరమే, కాదనను. వాడి మోకాళ్లకేం వచ్చింది?

ఆస్ట్రియాలో మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా డాన్యూబ్ నది కొండల మధ్య పారే లోయను వాఖావ్ అంటారు. 2000లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జర్మనీలోని పాసౌ నుంచి వియన్నా దాకా నది వెంబడి 300 కిలోమీటర్లు దాటి సాగే సైకిలు బాటలో జనం ఎక్కువగా మెచ్చేది ఈ ముక్కనే. ఆ బాటలో చాలా భాగం ఒకప్పుడు ఏటికి ఎదురుగా పడవల్ని గుర్రాల చేత లాగించిన గట్టుదారి. గుర్రం నడక వేగానికి వేసిన దారి అది.

ఆ సంగతి వినగానే నాకు ధవళేశ్వరం కళ్ల ముందు నిలిచింది. 1852లో ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర కాలవల్ని సాగుకే కాదు, పడవలు తిరగడానికీ తవ్వించాడు. మా చిన్నప్పుడు పడవకు తాడు కట్టి, ఆ తాడు భుజాన వేసుకుని, మనుషులు గట్టు మీద వంగి నడుస్తూ లాగేవారు. ఆ గట్టు మీదే నేను సైకిలు నేర్చుకున్నాను. గంటకింతని అద్దెకు తెచ్చిన పెద్ద సైకిలు. సీటు అందదు కనక బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాణ్ణి.

కాస్త ఎదిగాక నలుగురం కలిసి కడియం వైపు పోయేవాళ్లం. మా సామానంతా గాలి పంపు, సొల్యూషన్ ట్యూబు, గరుకు కాగితం, పాత ట్యూబు ముక్క. పంక్చరైతే కాలవ నీళ్లలోనే ట్యూబు ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో చూసేవాళ్లం. దారి తప్పితే పడవవాణ్ణి కేకేసి అడిగేవాళ్లం. అతను దారితో పాటు ఊరి సంగతులూ చెప్పేవాడు. అలా ఆగి ఆగి పోవడం వల్లే ఆ కాలవ మాకు తెలిసింది.

ఇక్కడేమో సామాను వ్యానులో ముందే హోటలుకు వెళ్లిపోయింది. దారి ఫోను చెవిలో చెబుతోంది. మెల్క్ దగ్గర వంతెన దాటి ఉత్తరపు గట్టు ఎక్కామో లేదో, మావాళ్లు ముగ్గురూ కనుమరుగయ్యారు. 1908లో తవ్వకాల్లో పదకొండు సెంటీమీటర్ల ఆదిమకాలపు స్త్రీ బొమ్మ బయటపడ్డ విల్లెండార్ఫ్ ఊరు వాళ్ల పక్కనుంచే పోయింది. నది కిలోమీటర్ల బోర్డులు సముద్రం నుంచి వెనక్కి లెక్కపెట్టి రాసినవని, అందుకే అంకెలు రెండువేలు దాటి ఉన్నాయని వాళ్లు గమనించలేదు.

ఒక ఇంటి గోడ మీద వరద గీతలు, పక్కన సంవత్సరాలు. 2002 గీత నా తలకంటే పైన ఉంది. 1986 ఆగస్టులో గోదావరిని చూసినవాణ్ణి, ఆ గోడ ముందు దిగకుండా ఎలా పోతాను? చాలాసేపు నిలబడ్డాను. ఇంతలో ఫోను మోగింది. "తాతయ్యా, మేం స్పిట్స్ దాటేశాం, మీరెక్కడ?"

"వెనక్కి రండిరా, పడవ ఎక్కాలి" అన్నాను.

వచ్చారు. స్పిట్స్ రేవులో పడవకు ఇంజను లేదు. నదికి అడ్డంగా కట్టిన ఇనుప తాటికి దాన్ని తగిలించి, ప్రవాహానికి కొంచెం ఏటవాలుగా తిప్పుతారు. అంతే, నదే అవతలి ఒడ్డుకు నెడుతుంది. ఆస్ట్రియాలో డాన్యూబ్‌కు చాలాచోట్ల ఆనకట్టలున్నాయి, వాఖావ్‌లో లేవు. నీరు పారుతోంది కనకనే పడవ కదులుతోంది. మనవడు మొదటిసారి ఫోను జేబులో పెట్టి నీళ్లలోకి చూశాడు. "బ్యాటరీ లేదా తాతయ్యా దీనికి?" అన్నాడు. లేదన్నాను.

దక్షిణపు గట్టున ఆప్రికాట్ తోటల మధ్య వాడు నా పక్కనే, నా వేగానికే తొక్కాడు. నది అవతల డ్యూర్న్‌స్టైన్ నీలి గోపురం, పైన కొండ మీద శిథిలమైన కోట కనిపించాయి. 1192 చివర్లో పట్టుబడిన ఇంగ్లండు రాజు రిచర్డును బంధించింది ఆ కోటలోనే. ఆ కథ పూర్తయ్యేదాకా వాడు మోటారు వేయలేదు.

మొన్న సంక్రాంతికి మా పాత గట్టు మీదికి వెళ్లాను. లారీలు ఒకదాని వెనక ఒకటి. సైకిలు మీద పోయే మనిషి చక్రం దింపడానికి అంచున జానెడు మట్టి కూడా మిగల్లేదు. కాలవగట్ల మీద రోడ్లు వేసే ఇంజనీర్లకు నా విన్నపం ఒక్కటే. నీటివైపు మూడడుగుల బాట సైకిళ్లకు విడిచిపెట్టండి. దాని మీదికి మోటారు ఎక్కనివ్వకండి.